చుట్టాల వీధి

ఇంటి నుంచి, కిటికీ దగ్గర కూర్చుని
ఫిబ్రవరి చివర

బొంగరానికి, మీ అత్త రాస్తున్నది.

నువ్వు బస్సెక్కిన దగ్గర్నుంచి నా మనసు మనసులో లేదు. కండక్టరు కిటికీ పక్కన కూర్చోబెట్టలేదు కదా? చలిగాలి తగిలితే నీ మోకాలు బిగుసుకుపోతుంది. చేరానని ఫోన్ చేశావు, నిజమే. కానీ ఫోన్‌లో నీ మాట నాకు సగమే వినపడుతుంది. "బాగా" అన్నది వినపడింది, ఆ తర్వాత "ఉన్నాను" అన్నావో "లేను" అన్నావో తెలియలేదు. రెండు రోజులు దాని గురించే ఆలోచించాను. అందుకని ఉత్తరం రాయి తల్లీ.

మీ ఐస్ షో ఆడిన హాలుకి తాళం వేసేశారు. మీ ఐస్ మిషను ఆగిపోయాక వీధికే చెవుడొచ్చినట్టుంది. చలికాలమంతా ఆ హోరు భరించలేక తిట్టుకున్నాను, ఇప్పుడది లేక నిద్ర పట్టడం లేదు. కరిగిన నీళ్ళు కాలవలో పోతుంటే నిలబడి చూశాను. అంత కరెంటు ధారపోసి గడ్డ కట్టించింది, అట్లా ఊరికే పోయింది.

అద్దె గదులు రెండూ ఖాళీ. దుప్పట్లు ఉతికి ఆరేశాను. చివర్లో దిగిన ఆవిడ దువ్వెన మరిచిపోయింది. పంపుదామంటే అడ్రసు లేదు. నేనెవరినీ అడ్రసు అడగను. అడిగితే రాసుకోవాలి, రాసుకుంటే ఎవడో ఒకడు చూస్తాడు.

అన్నట్టు, ఒక గండం గడిచింది. ఆఖరి వారం నీ హడావిడిలో నువ్వుంటే చెప్పడం ఎందుకని ఊరుకున్నాను. ఒక మనిషి అట్టా పెన్సిలూ పట్టుకుని వీధిలోకి వచ్చాడు. ఎవరింట్లో ఎవరున్నారని ఇంటింటికీ అడుగుతున్నాడు. గదుల అద్దె మీద పన్ను వేసేవాడేనని నాకు చూడగానే అర్థమైపోయింది. మీ మామయ్య పోయాక ఆ రెండు గదులే కదా నాకు మొగుడైనా, కొడుకైనా. దేవుడే సమయానికి నోట్లో ఒక మాట పెట్టాడు, వీధంతా గట్టెక్కాం. ఆ మాటేమిటో మళ్ళీ చలికాలం వచ్చినప్పుడు చెప్తాను, పడి పడి నవ్వుతావు.

మోకాలికి నూనె రాసుకోవడం మానకు. బల్ల ముందు వంగి కూర్చోకు. గాబరాగా భోజనం చేయకు.

మీ అత్త


కంపెనీ గోడౌను, మేడ మీద గది
మార్చి

అత్తా,

"ఉన్నాను" అనే అన్నాను. దువ్వెన నువ్వే వాడుకో.

స్కేట్లు కట్టుకుని ఐస్ మీద తిరగడం మానేసి లెక్కల బల్ల ముందు కూర్చున్నాక కూడా కనిపించినవాళ్ళంతా "ఇంకా తిరుగుతున్నావా బొంగరం?" అనే అడుగుతున్నారు. తిరగడం లేదు, తల తిరుగుతోందని చెప్తున్నాను. ఈ నెల నిజంగానే తిరుగుతోంది. కరెంటు బిల్లు వచ్చింది. అమ్మిన టికెట్ల డబ్బంతా దానికే సరి. ఇక ఇరవై రెండు మంది జీతాలు, లారీలు, బట్టలు, హాలు అద్దె. ఇదంతా ఎక్కణ్ణుంచి వస్తుందని నువ్వు ఎప్పుడూ అడుగుతావు కదా, నేనేమో నవ్వి తప్పించుకుంటాను. ఈసారి చెప్తాను, విను.

టూరిజం ఆఫీసు మాకు సబ్సిడీ ఇస్తుంది. మా మీద ప్రేమతో కాదు. చలికాలంలో మీ ఊరికి కాకి కూడా రాదు. మేం ఐస్ వేస్తే జనం వస్తారు. ఆట అయ్యేసరికి చీకటి పడుతుంది, ఉండిపోతారు. ఉంటే గది కావాలి, భోజనం కావాలి, టాక్సీ కావాలి. వాళ్ళు మాకు వంద ఇస్తే మీ ఊళ్ళో మూడు వందలు చేతులు మారాలి. అదీ ఒప్పందం. ఆ ఒప్పందం ఈ ఏడాదితో అయిపోయింది. మళ్ళీ రాసుకోవాలంటే జనం నిజంగా ఐస్ షో కోసమే వస్తున్నారని తేలాలి. అందుకని ఆఖరి వారంలో ఇంటింటికీ మనుషుల్ని పంపి, "మీ ఇంట్లో ఎవరు దిగారు, ఎందుకొచ్చారు" అని రాయించుకున్నారట.

నాకైతే భయం లేదు. ఆ వారం మన వీధిలో ఒక్క మంచం ఖాళీ ఉందా? అవతలి వీధిలో సోఫాలు కూడా అద్దెకిచ్చారు. మా పెద్దాయన అప్పుడే వచ్చే ఏటికి కొత్త బట్టలు కుట్టించమంటున్నాడు. కంపెనీ పెట్టిన మనిషి కదా, ఆయనకి ఆశ ఎక్కువ.

నువ్వు చెప్పిన పన్నుల మనిషి, అట్టా పెన్సిలూ అన్నావే, అతను వేరే మనిషేనా? వేరే మనిషే అయ్యుంటాడులే.

బొంగరం


ఇంటి నుంచి
ఏప్రిల్

బొంగరానికి,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ అంతా కులాసా. పెరటి తలుపు గడియ ఊడింది, బాగు చేయించాను.

వేరే మనిషే అయ్యుంటాడు. మనిషిని నేను సరిగ్గా చూడలేదు. కళ్ళద్దాలు లోపల ఉన్నాయి.

ఎదురింటి దర్జీ ఒక మాట అడగమన్నాడు. నా కోసం కాదు, ఆయన కోసమే. ఎవరింట్లోనైనా ఆ టూరిజం మనిషికి పొరపాటున ఒకదానికి ఇంకొకటి చెప్పేశారనుకో. దాన్ని తర్వాత దిద్దుకోవచ్చా? దిద్దితే, ముందు అబద్ధం చెప్పినందుకు ఏమైనా చేస్తారా? అబద్ధం అంటే అబద్ధం కాదు, కంగారు మాట. దర్జీకి ఈ మధ్య కంగారు ఎక్కువైంది. సూది వేలికి గుచ్చుకుంటున్నాడు.

సబ్సిడీ ఇచ్చే ఆఫీసూ పన్నులు వేసే ఆఫీసూ ఒకటేనా? ఒక తలుపులోంచి ఇచ్చి ఇంకో తలుపులోంచి లాక్కుంటారా? నాకు తెలియక అడుగుతున్నాను.

నీ గదిలో ఫ్యాను తిరుగుతోందా? పైన సరిగ్గా బిగించారా? తల దాని కిందకి రాకుండా చూసి పడుకో.

మీ అత్త


కంపెనీ గోడౌను, మేడ మీద గది
మే

అత్తా,

దర్జీగారితో కంగారు పడొద్దని చెప్పు. రెండు ఆఫీసులూ వేరు, ఒకరితో ఒకరికి మాటల్లేవు. కానీ దిద్దుకోవడం మాత్రం కుదరదేమో. రిపోర్టు అచ్చయి వచ్చేసింది.

ఫ్యాను బాగానే ఉంది.

రిపోర్టులో మీ ఊరికి వచ్చినవాళ్ళని మూడు రకాలుగా విడదీశారు. వ్యాపారం మీద వచ్చినవాళ్ళు, ఐస్ షో కోసం వచ్చినవాళ్ళు, "బంధుదర్శనం" కోసం వచ్చినవాళ్ళు. నూటికి డెబ్భై మంది బంధుదర్శనమేనట. చుట్టాల్ని చూడటానికి వచ్చారట, పనిలో పనిగా ఐస్ షో కూడా చూసి వెళ్ళారట. అంటే మేం లేకపోయినా వచ్చేవాళ్ళే. అలాంటప్పుడు మాకు డబ్బెందుకు ఇవ్వాలని వాళ్ళ ప్రశ్న.

పెద్దాయన ఆ కాగితం పట్టుకుని గోడౌనంతా తిరిగాడు. "ఇదేం ఊరమ్మా! గంపెడేసి చుట్టాలున్నారు ఒక్కొక్కళ్ళకి! అందరికీ ఫిబ్రవరిలోనే అభిమానాలు పొంగుకొస్తాయా?" అని అరిచాడు. అందరం నవ్వాం. నవ్వి ఊరుకున్నాం. టోపీ వేసుకుని గెంతులేసే మా జోకరు మాత్రం నవ్వలేదు. అతనికి ముగ్గురు పిల్లలు.

వచ్చే వారం కమిటీ ముందుకి పెద్దాయనా నేనూ వెళ్తున్నాం. మా మాట మేం చెప్పుకుంటాం. ఏమవుతుందో చూడాలి.

నీకేమైనా చెప్పాలనిపిస్తే రాయి. లేకపోతే రాయకపోయినా ఫర్వాలేదు.

బొంగరం


ఇంటి నుంచి, వంటగదిలో
జూన్ చివర

బొంగరం,

ఇది రాసి రాసి చించేస్తున్నాను. ఇవాళ చించకముందే పోస్టు డబ్బాలో వేసేస్తాను.

దర్జీ కాదు. నేనే.

జరిగింది చెప్తాను. ఆ మనిషి మూల కొట్టు దగ్గర నిలబడి కొట్టాయన్ని "ఈ వీధిలో గదులు అద్దెకిస్తారా" అని అడుగుతుంటే నా చెవిన పడింది. చేతిలో సంచీ కూడా మరిచిపోయి వీధిలోకి ఉరికాను. ఈ వయసులో నేను పరిగెత్తడం చూసి మిద్దింటావిడ ఏ ఇల్లో అంటుకుందనుకుంది. ప్రతి గుమ్మంలోనూ తల పెట్టి, "పన్నులవాడొస్తున్నాడు, అందరూ చుట్టాలేనని చెప్పండి" అని చెప్పుకుంటూ వచ్చాను. దర్జీ మగాడు కదా, ధైర్యంగా "నేను నిజమే చెప్తా" అన్నాడు. "చెప్పు, చెప్పి నీ కుట్టు మిషను అమ్ముకో" అన్నాను. నోరు మూసుకున్నాడు.

మనింటికి వచ్చాడు. నా ముందు గదిలో మొగుడూ పెళ్ళాం, ఇద్దరు పిల్లలు. పొద్దున్నే మీ ఆట టికెట్లకి వెళ్ళి వరసలో నిలబడి వచ్చినవాళ్ళు. "వీళ్ళెవరండీ?" అన్నాడు. "మా చెల్లెలి కూతురు" అన్నాను. నాకు చెల్లెలెక్కడిదే! ఆవిడ గట్టిది, క్షణంలో అందుకుంది. లోపల్నుంచి "పెద్దమ్మా, కాఫీ చల్లారిపోతోంది" అని పిలిచింది. పిల్లవాడు బయటికి వచ్చి "మేం ఐస్ చూడ్డానికొచ్చాం!" అన్నాడు. నేను వాడి నెత్తి నిమిరి "అదీ చూస్తాడండీ, చిన్న వెధవ, ముందు నా కోసమే ఏడుస్తాడు" అన్నాను. ఆ మనిషి నవ్వి, అట్ట మీద ఏదో గీసుకుని వెళ్ళిపోయాడు. నేను గుమ్మంలో కూర్చుని నీళ్ళు తాగాను. సాయంత్రం వీధంతా చేరి నవ్వుకున్నాం. మిద్దింటావిడకి ఒకేసారి పదకొండు మంది అక్కచెల్లెళ్ళు పుట్టారని.

నీ మార్చి ఉత్తరం చదివిన క్షణంలోనే తెలిసిపోయింది. అప్పుడు చెప్పి ఉంటే దిద్దేవారేమో. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు గడియ గురించి రాశాను. మే ఉత్తరంలో "చెప్పాలనిపిస్తే రాయి" అన్నావు చూడు, ఆ మాట దగ్గరే ఆగిపోయాను. నీకు తెలుసేమో అనిపించింది. తెలిస్తే ఎందుకు తిట్టలేదని ఇంకో భయం.

నాకు ఇల్లు పోతుందనే భయమే. పదేళ్ళుగా ఒక్క చిల్లికాసు పన్ను కట్టలేదు. పదేళ్ళదీ కలిపి, వడ్డీ వేసి, జరిమానా వేసి, ఇల్లు రాయించుకుంటారని మీ మామయ్య బతికున్నప్పుడే అనేవారు. ఆయనకీ ఎవరో చెప్పారు. ఆ ఎవరికి ఎవరు చెప్పారో తెలియదు.

నువ్వొచ్చే చలికాలం కోసం మిగతా తొమ్మిది నెలలూ బతుకుతాను నేను. అట్లాంటిదాన్ని, కూర్చున్న కొమ్మ నేనే నరికాను. వచ్చే వారం ఆఫీసుకి వెళ్ళి చెప్పేస్తాను, వాళ్ళు చుట్టాలు కారు, డబ్బిచ్చి దిగినవాళ్ళని. దర్జీని తోడు రమ్మంటే "నన్ను కలపకు తల్లీ" అన్నాడు. ఒక్కదాన్నే వెళ్తాను.

మీ అత్త


కంపెనీ గోడౌను, కింద
జులై

అత్తా,

వెళ్ళకు. ఈ ఉత్తరం ముందుగా చేరితే బాగుండు. ఫోన్ చేశాను, నువ్వు "ఆ? ఆ?" అని పెట్టేశావు.

కమిటీ నెల కిందే అయిపోయింది. సబ్సిడీ లేదు. ఆ డబ్బు ఇంకో ఊళ్ళో సరస్సు మీద పడవలకి ఇచ్చారు. నీకు చెప్పడానికి చేతులు రాక రాయలేదు. నువ్వూ నాలాగే, నేనూ నీలాగే. అన్నీ మేనత్త పోలికలేనని నాన్న ఊరికే అనలేదు.

రిపోర్టు వచ్చిన రోజే నాకు తెలుసు. వీధుల వారీగా లెక్క వేశారు. మన వీధిలో ఒక్కడంటే ఒక్కడు ఐస్ షో కోసం రాలేదు. ఒక్కడు కూడా! అంత కట్టుబాటు మన వీధిలో ఇంకెవరివల్ల అవుతుంది?

ఇప్పుడు నేను చెప్పాల్సింది చెప్తాను. కమిటీలో పెద్ద కుర్చీలో ఒకావిడ కూర్చుంది. చెడ్డ మనిషి కాదు. రిపోర్టు తిరగేసి, "ఒకే వీధిలో ఇంతమంది చుట్టాలా? నాకూ నమ్మబుద్ధి కావడం లేదు. ఇవి అద్దె గదులని మీకు తెలుసా? ఒక్క ఇల్లు చూపించండి, చాలు. మనిషిని మళ్ళీ పంపి లెక్కంతా తిరగదీయిస్తాను" అంది. పెద్దాయన నా వైపు తిరిగాడు. నేను ప్రతి చలికాలం ఎక్కడ ఉంటానో ఆయనకి తెలుసు. నీ గదుల సంగతి తెలియదు. మా అత్త ఇల్లని మాత్రమే తెలుసు.

"నాకు తెలియదండీ" అన్నాను.

నువ్వు గుర్తొచ్చావు. పెన్సిలు చూస్తేనే గుండె పట్టుకునే మనిషివి. ఇంటికి నోటీసు అంటిస్తే ఏమైపోతావో అనుకున్నాను. పదేళ్ళ పన్ను ఎంతవుతుందో నాకూ తెలియదు, లెక్కల మనిషిని అయ్యుండీ ఎవరినీ అడగలేదు. ఇల్లే పోతుందని నువ్వు ఇన్నేళ్ళుగా చెప్తుంటే విని నమ్మేశాను. పెద్దాయన కాగితాలు సర్దుకుని లేచాడు. బయటికొచ్చాక "పోనీలేమ్మా, నువ్వు మాత్రం ఏం చేస్తావు" అన్నాడు. ఆ మాట నన్ను తినేస్తోంది.

ఐస్ మిషను చేపల కోల్డ్ స్టోరేజీ వాళ్ళు కొనుక్కున్నారు. ఇవాళ లారీ ఎక్కించాం. బట్టల పెట్టెలు ఎవరూ కొనలేదు. జోకరు పెయింటు పనికి వెళ్తున్నాడు. ఎత్తులో భయం లేనివాడు కదా. నాకు దూరపు నగరంలో ఒక షాపింగ్ మాల్‌లో పిల్లలకి స్కేటింగ్ నేర్పే పని దొరికింది. ఐస్ కాదు, చక్రాలు. చలికాలమే వాళ్ళకి సీజను, సెలవు ఇవ్వరు.

అందుకని ఈసారి రాను. దీనికోసం నువ్వు ఏ ఆఫీసుకీ వెళ్ళి ఏమీ పోగొట్టుకోవద్దు. కనీసం అదైనా మిగలనీ.

బొంగరం


ఇంటి నుంచి
జులై

బొంగరం,

నీ ఉత్తరం రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. అప్పటికే వెళ్ళొచ్చాను.

చదివాను. మళ్ళీ చదివాను. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాను. తిట్టడానికి నాకు నోరు లేదు, మెచ్చుకోవడానికి మనసు రావడం లేదు. ఇరవై రెండు మందిని ఒక పక్కనా నన్ను ఒక పక్కనా పెట్టి తూచావు. తక్కెడలో నేనెందుకు బరువయ్యానే తల్లీ?

దేనికోసం నోరు మూసుకున్నావో అది ఎంతో నీకు తెలియాలి. అందుకని ఆఫీసులో జరిగింది జరిగినట్టు రాస్తాను.

నేను వెళ్ళింది టూరిజం ఆఫీసుకి కాదు, పన్నుల ఆఫీసుకి. కాదని తెలిసినా, ఆ అట్టా పెన్సిలు మనిషి అక్కడివాడేనని ఇంకా నా బుర్రలో ఉండిపోయింది. మూడో అంతస్తు. మెట్లెక్కుతూ రెండుసార్లు వెనక్కి దిగాను. బీరువాలో ఇంటి దస్తావేజు ఉంటే అదీ తీసుకెళ్ళాను, ఎలాగూ అడుగుతారు కదా అని. అక్కడ నీ వయసు గుమాస్తా ఒకాయన కూర్చుని ఉన్నాడు. దస్తావేజు బల్ల మీద పెట్టి, "బాబూ, వాళ్ళు నా చుట్టాలు కారు" అన్నాను.

"ఎవరండీ?" అన్నాడు.

అంతా చెప్పాను. సబ్సిడీ, ఐస్ షో, అన్నీ. పాపం ఓపికగా విన్నాడు. "టూరిజం వాళ్ళు బస్టాండు వెనకాల ఉంటారు బామ్మగారూ, అది వేరే ఆఫీసు. వాళ్ళ లెక్కలు మేం దిద్దలేం. మరి మీరు గదులు అద్దెకిస్తారన్న సంగతి రాసుకోమంటారా?" అన్నాడు. రాసుకో నాయనా, అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి నాకు పదేళ్ళు పట్టింది.

ఎన్ని గదులు, ఎన్ని నెలలు అని అడిగాడు. చలికాలం మాత్రమే అన్నాను. అంత చిన్న అద్దె మీద వడ్డీ, జరిమానా ఉండవట. పాతవి మూడేళ్ళకి మించి తవ్వరట. కంప్యూటర్లో ఏవో నొక్కి, ఒక కాగితం మీద అంకె వేసి నా ముందుకి తోశాడు. కళ్ళద్దాలు పెట్టుకుని చూశాను. నువ్వు ఆడే రోజుల్లో సీజను మొదట్లో బూట్ల అడుగు బ్లేడ్లకి పదును పెట్టించుకునేదానివి చూడు, సుమారుగా ఆ ఖర్చంతే. మూడేళ్ళదీ కలిపి.

"ఇంతేనా?" అన్నాను.

ఆయనకి వేరేగా వినపడింది. నా మొహం చూసి, ఎక్కువైందని బాధపడుతున్నాననుకున్నాడు. "అయ్యో, మరిచిపోయాను బామ్మగారూ, పెద్దవాళ్ళకి సగం తగ్గింపు ఉంది" అని ఆ అంకె కొట్టేసి సగం వేశాడు.

కట్టేశాను. దస్తావేజు నా సంచీలో నాకే తిరిగి పెట్టాడు. బయట బెంచీ మీద కూర్చుని ఆ రసీదే తిప్పి తిప్పి చూస్తున్నాను. నేల తుడిచే అమ్మాయి వచ్చి, చీపురు గోడకి ఆనించి, "ఏమైందమ్మా, డబ్బు చాలలేదా?" అని అడిగింది.

"చాలింది తల్లీ, మిగిలింది కూడా" అన్నాను.

మీ అత్త